ఇరవై రెండు మీటర్ల రోడ్డు: ఒక వీధి డిజైన్ డైరీ

మొదటి రోజు

టేపు, చాక్‌పీసు, స్టాప్‌వాచ్ పట్టుకుని పొద్దున్నే రోడ్డెక్కాం. కంప్యూటర్ మీద ఒక్క గీత గీసే ముందు వీధి మొత్తం నడిచి కొలవాలన్నది మా టీమ్‌లో మేం పెట్టుకున్న కట్టుబాటు. మ్యాపు చూసి కొలిస్తే స్తంభాలు కనపడవు, గుంతలు కనపడవు, అన్నిటికన్నా మించి మనుషులు కనపడరు.

వీధి పొడవు కిలోమీటరున్నర. వెడల్పు గోడ నుంచి గోడకు 26 మీటర్లు. చెరో పక్క 2 మీటర్ల ఫుట్‌పాత్ పోను మధ్యలో 22 మీటర్ల తారు. డివైడర్ లేదు. రెండు అంచుల్లోనూ రెండున్నర మీటర్ల చొప్పున కార్లు నిలిపి ఉన్నాయి. మిగిలిన 17 మీటర్లలో నాలుగు లేన్లు, అంటే ఒక్కో లేనుకు నాలుగుంబావు మీటర్లు. పెద్ద బస్సు వెడల్పే సుమారు రెండున్నర మీటర్లు. కారైతే రెండు మీటర్లు కూడా ఉండదు. చుట్టూ అంత ఖాళీ ఉంటే ఎంత నెమ్మదస్తుడికైనా యాక్సిలరేటర్ మీద కాలు బరువెక్కుతుంది. తప్పు డ్రైవరు ఒక్కడిదే కాదు, రోడ్డే అలా పొమ్మంటోంది.

ఫుట్‌పాత్ 2 మీటర్లన్నది కాగితం మీద మాట. కరెంటు స్తంభం దగ్గర టేపు పెడితే గోడకూ స్తంభానికీ మధ్య 80 సెంటీమీటర్లు వచ్చింది. వీల్‌చైర్ పోవాలంటే కనీసం 90 కావాలి. ఆ స్తంభం దాకా వచ్చిన ప్రతి మనిషీ రోడ్డు మీదకి దిగి, నాలుగు అడుగులు వేసి, మళ్లీ పైకి ఎక్కుతున్నాడు. అక్కడ గట్టు రాయి అంచు అరిగి నున్నగా మెరుస్తోంది. ఎన్నేళ్ల అడుగులో.

సిగ్నల్ దగ్గర ఒక పెద్దావిడ చేతిలో సంచీతో నిలబడి ఉంది. పచ్చబొమ్మ వెలిగింది, స్టాప్‌వాచ్ నొక్కాను. ఆమె మొదలుపెట్టి, సగం దాటి, మరికొంత నడిచేసరికి లైటు మారిపోయింది. బళ్లు కదిలాయి. ఆమె అక్కడే, రెండు లేన్ల మధ్య గీత మీద, సంచీని పొట్టకు ఆనించుకుని నిలబడిపోయింది. ఒక బస్సు డ్రైవరు ఆగి చెయ్యి ఊపితే అప్పుడు కదిలింది. అవతలి గట్టు మీద పలకరించాను.

"ఏం రాసుకుంటున్నావు నాయనా?"

"ఈ రోడ్డు దాటడానికి మీకు ఎంతసేపు పడుతోందో చూస్తున్నానమ్మా."

"దాటడానికి ఎంతసేపు! దాటుదామని ధైర్యం తెచ్చుకోడానికే పడుతుంది."

ఆ మాట నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాను.

సాయంత్రం లెక్క వేశాను. చాలాచోట్ల సిగ్నల్ టైము లెక్కకు మనిషి నడకను సెకనుకు 1.2 మీటర్లుగా తీసుకుంటారు. ఆ నడకతో 22 మీటర్లు దాటడానికి 18 సెకన్ల పైచిలుకు. ఇక్కడ పచ్చబొమ్మ 20 సెకన్లు వెలుగుతుంది, కాబట్టి కాగితం మీద అంతా సవ్యమే. ఆ పెద్దావిడ నడక మాత్రం సెకనుకు 0.8 మీటర్లు. ఇరవయ్యో సెకనుకు ఆమె 16 మీటర్లే నడిచి ఉంటుంది. ఇంకా 6 మీటర్లు మిగిలే ఉంటాయి, అంటే చివరి లేన్‌లోకి అప్పుడే అడుగు పెట్టి ఉంటుంది. బళ్లు కదిలేది సరిగ్గా అప్పుడే.

నాలుగో రోజు

ప్రమాదాల రికార్డులు తెప్పించుకున్నాం, చదివాం. వాటి మీదే ఆధారపడితే ఇంకెవరో దెబ్బతినేదాకా ఎదురుచూడాలి. అందుకే 'తృటిలో తప్పినవి' లెక్కపెడుతున్నాం. స్వీడన్‌లోని లుంద్ విశ్వవిద్యాలయంలో పదును దేలిన పద్ధతి ఇది. ఒక కూడలిలో గంటల తరబడి కూర్చుని, ఎవరు ఎవర్ని గుద్దబోయారు, ఆఖరి క్షణంలో ఎవరు బ్రేకు వేశారు, ఎవరు వెనక్కి గెంతారు అన్నది మ్యాపు మీద చుక్కలుగా పెట్టడం. సాయంత్రానికి చుక్కలన్నీ దాదాపు ఒకే చోట గుంపుకట్టాయి. రోడ్డు మధ్యలో కాదు, మూల మలుపు దగ్గర.

ఆ మూల గుండ్రంగా, విశాలంగా ఉంది. మలుపు వ్యాసార్థం 12 మీటర్లు. బండి బ్రేకు మీద కాలు పెట్టకుండానే తిరిగిపోవచ్చు. పక్క వీధి దాటుతున్నవాళ్లకు ఆ బండి వెనక నుంచి వస్తుంది. వాళ్లకు అది కనపడదు, డ్రైవరేమో వచ్చే బళ్లకేసి చూస్తుంటాడు తప్ప ఇటు చూడడు.

ఒక కుర్రాడు సైకిల్ మీద నేరుగా పోతుంటే కారు అతని ముందు నుంచే మలుపు తిరిగింది. సైకిల్ హ్యాండిల్‌కూ కారు అద్దానికీ మధ్య జానెడు దూరం కూడా లేదు. కుర్రాడు కాలు కింద పెట్టి ఆగి, కాసేపు అలాగే ఉండి, తర్వాత సైకిల్ దిగి ఫుట్‌పాత్ మీద నడిపించుకుంటూ పోయాడు. మ్యాపు మీద అదొక చుక్క. ఆ చుక్క పెడుతుంటే నా చెయ్యి కాస్త వణికిన మాట నిజం.

రెండో వారం

వేగాల కొలత. రద్దీ వేళల్లో బళ్లు ఎలాగూ పాకుతున్నాయి. అసలు భయం మధ్యాహ్నం, రాత్రి పూట ఖాళీ రోడ్డు మీద. వేగ పరిమితి బోర్డు ఉంది కానీ దాన్ని చూసి కాలు తీసినవాడు మాకు కనపడలేదు.

వేగం గురించి ఎవరితో మాట్లాడినా నేను చెప్పే లెక్క ఒకటుంది, దాన్ని ఇక్కడ కూడా రాసి పెడతాను. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 8.3 మీటర్లు పోతుంది. ఎదురుగా పిల్లవాడు వచ్చాడని గ్రహించి కాలు బ్రేకు మీద పడేసరికి ఒక సెకను గడుస్తుందనుకుందాం. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే ఇంకో 5 మీటర్లకు ఆగుతుంది. మొత్తం 13 మీటర్ల చిల్లర. అదే 50 వేగంలో ఉన్న కారు ఆ మొదటి ఒక్క సెకనులోనే దాదాపు 14 మీటర్లు పోతుంది. అంటే 30 మీద వచ్చిన కారు పూర్తిగా ఆగిపోయిన చోట, 50 మీద వచ్చిన కారు ఇంకా బ్రేకే మొదలుపెట్టలేదు. పూర్తి వేగంతో తగులుతుంది. పైగా దాని దెబ్బలో ఉండే శక్తి 30 వేగపు కారుతో పోలిస్తే రెండున్నర రెట్ల పైమాటే, ఎందుకంటే శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది.

ఈ లెక్క చెప్పాక ఎవరూ "ఇరవై కిలోమీటర్ల తేడాతో ఏమవుతుంది" అనలేదు.

స్వీడన్ పార్లమెంటు 1997లో 'విజన్ జీరో'ను ఆమోదించింది. దాని వెనకున్న ఆలోచన చాలా సూటిగా ఉంటుంది. మనిషన్నాక పొరపాటు చేస్తాడు, దానికి ప్రాణం మూల్యం కాకూడదు, అలా కాకుండా చూసే బాధ్యత రోడ్డు కట్టినవాళ్ల మీదా ఉంటుంది. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఇది పెద్ద మాటలా అనిపించేది. 2019లో ఓస్లో నగరంలో రోడ్డు మీద నడుస్తూ గానీ సైకిల్ తొక్కుతూ గానీ ఒక్కరూ చనిపోలేదు. అదే ఏడాది హెల్సింకిలో నడిచేవాళ్లలో ఒక్క మరణమూ లేదు. ఆ ఊళ్ల డ్రైవర్లు దేవతలేమీ కారు. వీధుల్ని మార్చారు, వేగాలు తగ్గించారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం రోడ్డు ప్రమాదాల్లో ఏటా దాదాపు 11.9 లక్షల మంది పోతున్నారు. వాళ్లలో సగానికి పైగా నడిచేవాళ్లు, సైకిళ్లు, మోటారుసైకిళ్ల మీద పోయేవాళ్లు. చుట్టూ ఇనుప డబ్బా లేనివాళ్లన్నమాట.

రెండో వారం, శుక్రవారం

అడ్డుకోత గీశాం. అంటే వీధిని కేకులా నిలువుగా కోస్తే ఏది ఎంత వెడల్పు ఉంటుందో చూపే బొమ్మ. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనదీ, గొడవలన్నీ పుట్టేదీ ఇక్కడే. ఉన్నది 26 మీటర్లు, రబ్బరులా సాగదు.

చెరో పక్క 3 మీటర్ల ఫుట్‌పాత్, స్తంభాలు చెట్లు అడ్డం రాకుండా అంచుకు జరిపి. అది 6. చెరో పక్క 2 మీటర్ల సైకిల్ ట్రాక్, అది 4. సైకిళ్లకూ బస్సులకూ మధ్య 70 సెంటీమీటర్ల గట్టు చెరో పక్క, అది 1.4. బస్సు లేను 3.3 చొప్పున రెండు, 6.6. కార్ల లేను 3 మీటర్ల చొప్పున రెండు, 6. కూడితే 24. మిగిలిన 2 మీటర్లు నడిమి డివైడర్‌కి.

ఆ 2 మీటర్ల కోసం మాలో మాకే గంటసేపు వాదన. ఒకరు సైకిల్ ట్రాక్ పెంచుదామన్నారు, ఇంకొకరు చెట్లకు ఇద్దామన్నారు. నేను మొదటి పేజీ తీసి చూపించాను. రోడ్డు దాటే మనిషి మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకోవాలంటే, ఆగినప్పుడు పిల్లల తోపుడు బండో వీల్‌చైరో సైకిలో బయటికి పొడుచుకు రాకుండా ఉండాలంటే 2 మీటర్లు కావాలి. మీటరు గట్టు కడితే అది మనిషిని ఆపుతుంది కానీ కాపాడదు.

ఇప్పుడు దాటాల్సిన దూరం చూడండి. బస్సు లేను, కారు లేను కలిపి 6.3 మీటర్లు, తర్వాత 2 మీటర్ల నడిమి డివైడర్, తర్వాత ఇంకో 6.3. మొత్తం 14.6. సెకనుకు 0.8 మీటర్ల నడకతో కూడా 18 సెకన్ల చిల్లరలో పూర్తవుతుంది. అంటే ఇప్పుడున్న 20 సెకన్ల పచ్చబొమ్మలోనే ఆ పెద్దావిడ ఒక్క దఫాలో అవతలికి చేరుతుంది. బళ్లకు ఒక్క సెకను కూడా ఎర్ర లైటు పెంచనక్కర్లేదు. ఆ లెక్క తేలిన క్షణం నాకు నిజంగా చాలా ఆనందం వేసింది.

మూడో వారం

మీటింగ్. నేను ఊహించినట్టే మొదటి ప్రశ్న: "రెండు లేన్లు లాగేసుకుంటే ట్రాఫిక్ ఎటు పోవాలి?"

న్యాయమైన ప్రశ్నే. రోజూ ఆ రోడ్డు మీద కారులో ఆఫీసుకు పోయేవాళ్లకు అది టెన్షన్ పుట్టించే విషయమే. ఉత్తర అమెరికా నగరాల రవాణా అధికారుల సంఘం నాక్టో ఇచ్చిన లెక్కను గోడ మీద రాశాను. సుమారు 3 మీటర్ల వెడల్పున్న ఒక లేనును కార్లతో కలగలుపు ట్రాఫిక్‌కి వదిలితే గంటకు 600 నుంచి 1,600 మందిని మోస్తుంది. అదే లేను బస్సులకు ప్రత్యేకంగా ఇచ్చి, బస్సులు తరచుగా తిరిగితే 4,000 నుంచి 8,000 మంది. రెండు దిక్కులా పోయే, రక్షణ ఉన్న సైకిల్ ట్రాక్ అయితే 7,500. ఫుట్‌పాత్ 9,000. మేం లాగేసుకుంటున్నది లేన్లనే, వాటిలో పోయే మనుషుల్ని కాదు.

అందరూ ఒప్పుకోలేదు. దుకాణాలవాళ్లు లోడింగ్ ఎక్కడ చేసుకోవాలని అడిగారు. దీనికి మా డ్రాయింగులో జవాబు లేదు. వాళ్ల మాటే సరైనది. సరుకు దించే లారీకి చోటు చూపకపోతే అది సైకిల్ ట్రాక్ మీదే ఆగుతుంది, అప్పుడు ట్రాక్ ఉన్నా లేనట్టే. పక్క వీధుల మొదట్లో లోడింగ్ బేలు, వాటి పక్కనే వికలాంగుల కార్లకు చోటు గుర్తించాం. కూడలికి 6 మీటర్ల లోపు మాత్రం ఏదీ నిలపకూడదు. అక్కడ వ్యాను ఆగితే దాని వెనక నుంచి వచ్చే పిల్లవాడు డ్రైవరుకు కనపడడు.

అగ్నిమాపక సిబ్బంది నుంచి వచ్చినాయన రెండే అడిగారు: డివైడర్‌కీ గట్టుకీ మధ్య ఎంత వెడల్పు, బస్సు లేను ఖాళీగా ఉంటుందా. 6.3 మీటర్లు, ఉంటుంది అన్నాను. కార్ల మధ్య ఇరుక్కోవడం కన్నా అదే నయమన్నారాయన.

ఐదో వారం: కోన్ల ట్రయల్

సిమెంటు పోసే ముందు కోన్లు, పెయింటు, ఇసుక బస్తాలతో ఒక కూడలిని కొత్త కొలతల్లోకి మార్చి చూస్తున్నాం. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో 2009లో కార్లను ఆపి జనానికి చోటిచ్చినప్పుడు వాళ్లు చేసిందీ ఇదే. ముందు పెయింటు, కుర్చీలు. పని చేస్తుందని తేలాకే శాశ్వత కట్టడం. తప్పు చేస్తే కోన్లలో చెయ్యాలి. కోను జరపడానికి ఒక చెయ్యి చాలు, సిమెంటు గట్టు జరపాలంటే మెషీను కావాలి.

మూల మలుపు 12 మీటర్ల వ్యాసార్థాన్ని 4కి తగ్గించాం. మలుపులో బండి సౌకర్యంగా పోగల వేగం వ్యాసార్థపు వర్గమూలంతో ముడిపడి ఉంటుంది. వ్యాసార్థం మూడో వంతైతే వేగం సుమారు సగానికి కాస్త పైన ఆగుతుంది. లెక్క సరే, కళ్లతో చూడటం వేరు. పొద్దున ఏడింటికి మొదటి కారు వచ్చింది. మలుపు దగ్గర ఎప్పటిలా తిప్పబోయి, కోన్లు చూసి బ్రేకు వేసి, దాదాపు ఆగి, తల తిప్పి జీబ్రా కేసి చూసి అప్పుడు తిరిగింది. ఆ తల తిప్పడమే మాకు కావాల్సింది. నాలుగో రోజు ఆ చుక్కలన్నీ పడింది అది లేకనే.

తర్వాత చెత్త లారీ వచ్చింది. ముందు చక్రాలు బాగానే తిరిగాయి. వెనక చక్రం లోపలికి కోసుకుని వచ్చి రెండు కోన్లను నలిపేసింది. పొడవాటి బండికి వెనక చక్రాలు ముందువాటి బాటలో రావు, లోపలి బాట పడతాయి. ఇది తెలియక కాదు, మూల గీసేటప్పుడు మేం పెట్టిన టెంప్లేట్, అంటే బండి తిరిగే బాట చూపే నమూనా, చిన్న లారీది. అసలు రోజూ వచ్చే లారీ పొడవు ఎవరం వెళ్లి కొలవలేదు. ఆ కోన్ల స్థానంలో ఎవరైనా నిలబడి ఉంటే అన్న ఆలోచన రోజంతా నన్ను వదల్లేదు. మధ్యాహ్నం లారీ దగ్గరికే వెళ్లి టేపు పెట్టి కొలిచాం. పరిష్కారం: మూలను మళ్లీ విశాలం చెయ్యం. లోపలి అంచున గరుకు రాయి పరిచి, 5 సెంటీమీటర్లు మాత్రమే ఎత్తుండే వాలు చెప్టా కడతాం. కారు దాని మీదకి ఎక్కితే కుదుపు వస్తుంది కాబట్టి ఎక్కదు, లారీ వెనక చక్రం ఎక్కి దిగుతుంది. జనం నిలబడే చోటు ఆ చెప్టా వెనకాల, మామూలు ఎత్తు గట్టు మీద.

మూడో రోజు పొద్దున ఆ పెద్దావిడ వచ్చింది. అదే సంచీ. పచ్చబొమ్మ సగంలో ఉండగా మొదలుపెట్టింది, అంటే ఎలాగూ టైము చాలదు. నేను పరుగెత్తబోయాను. ఆమె కోన్ల మధ్య కట్టిన గట్టు దాకా వచ్చి, లోపలికి అడుగు పెట్టి, ఆగింది. రెండు పక్కలా బళ్లు పోతున్నాయి. సంచీని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. కొంగుతో మొహం తుడుచుకుంది. మళ్లీ పచ్చబొమ్మ వచ్చేదాకా అలాగే తీరిగ్గా నిలబడి, దాటి వెళ్లిపోయింది. నా వైపు చూడనైనా లేదు.

ఏడో వారం: బస్సు స్టాపు

సైకిల్ ట్రాక్ బస్సు స్టాపు వెనక నుంచి పోయేలా పెట్టాం. లేకపోతే ప్రతి స్టాపు దగ్గరా బస్సు సైకిల్‌ని కోస్తూ గట్టు దగ్గరికి రావాలి, సైకిల్ బస్సు చుట్టూ తిరిగి పోవాలి. ఇద్దరికీ నరకం. ట్రాక్‌కూ బస్సు లేనుకూ మధ్య దీవిలా మిగిలే ఈ స్టాపుకు వెడల్పు కావాలి కాబట్టి, ఆ కాస్త దూరం నడిమి డివైడర్‌ను ఎత్తేసి దాని 2 మీటర్లు 70 సెంటీమీటర్ల గట్టుకు కలిపాం. 2.7 మీటర్ల దీవి వచ్చింది. దానికోసం లేన్లు కొంచెం పక్కకు వంగుతాయి. ఆ వంపు కూడా కార్ల వేగం తగ్గిస్తుంది. రెండు దిక్కుల స్టాపులూ ఎదురెదురుగా పడకుండా ముందూ వెనకా జరిపాం. దాటే చోట మాత్రం డివైడర్ ఉండి తీరాలి, కాబట్టి క్రాసింగ్‌ను బస్సు ఆగే చోటికి వెనక పెట్టాం. దిగినవాళ్లు బస్సు ముందు నుంచి పరుగెత్తే పని ఉండదు.

ఒక సీనియర్ డ్రైవర్‌ను ఖాళీ బస్సుతో రమ్మన్నాం. దీవి పక్కన ఆపాక ఆయన దిగి, అటూ ఇటూ చూసి, స్టాపు బోర్డు స్తంభం మీద చెయ్యి వేశారు.

"ఇది ఎవరు పెట్టారండీ ఇక్కడ?"

"మేమే అన్నా. ఏం?"

"అద్దం సంగతి చూసుకోలేదు మీరు."

బస్సు ఒళ్లు 2.5 మీటర్లు. అద్దాలు దానికి బయట చెరో పక్కా పొడుచుకుని ఉంటాయి. మేం స్తంభాన్ని గట్టు అంచుకు 20 సెంటీమీటర్ల దూరంలో పెట్టాం. ఆయన గట్టుకు ఆనించి ఆపాలంటే అద్దం స్తంభాన్ని కొడుతుంది. అందుకని దూరంగా ఆపుతాడు. దూరంగా ఆపితే బస్సుకూ గట్టుకూ మధ్య సందు వస్తుంది, వీల్‌చైర్ ఎక్కలేదు, ముసలివాళ్లు కిందికి దిగి మళ్లీ పైకి ఎక్కాలి. ఒక్క స్తంభం తప్పు చోట పెడితే దీవి కట్టిందంతా వృథా. 50 సెంటీమీటర్లు వెనక్కి జరిపించాం. ఇలాంటి మాట ఏ మాన్యువల్ చదివినా బుర్రకెక్కదు, స్టీరింగ్ పట్టుకున్నవాడు చెబితే జన్మలో మర్చిపోం.

ఎనిమిదో వారం

నమూనా ముక్క కట్టి, చూపులేని ఒక పెద్దమనిషిని పిలిచాం. తెల్ల కర్రతో ఈ వీధిలోనే రోజూ తిరుగుతారాయన.

సైకిల్ ట్రాక్‌నూ ఫుట్‌పాత్‌నూ దాదాపు ఒకే ఎత్తులో పెట్టాం, 2 సెంటీమీటర్ల తేడాతో. చూడ్డానికి అందంగా, రంగు వేరుగా ఉంది. ఆయన కర్ర అటూ ఇటూ తడుముకుంటూ నడిచారు. అంచు దగ్గర కర్ర కొస తగిలీ తగలనట్టు జారిపోయింది. ఆయన మరో రెండు అడుగులు వేసి సైకిల్ ట్రాక్ నట్టనడుమ నిలబడి, "ఫుట్‌పాత్ ఇంకా ఉంది కదా సార్?" అని అడిగారు.

నాకు నోట మాట రాలేదు. రంగు తేడా ఆయనకు ఎందుకు?

6 సెంటీమీటర్ల మెట్టు పెట్టి మళ్లీ రమ్మన్నాం. ఈసారి కర్ర ఠక్కున ఆగింది. "ఇదిగో, ఇక్కడ అంచు" అని మడమతో తొక్కి చూశారు. ఆ మెట్టును నిటారుగా కాకుండా వాలుగా చెక్కాం, సైకిల్ టైరు దానికి ఆనుకుంటే పడిపోకుండా, పెడల్ తగలకుండా.

గుబ్బల పలకలు కూడా ఆయనే సరిదిద్దించారు. ఈ పలకల్ని జపాన్‌లో సెయిచీ మియాకే తయారు చేస్తే 1967లో ఒకయామా నగరంలో మొదటిసారి పరిచారు. పొడుగాటి గీతలుంటే 'ఇటు నడువు' అని, గుండ్రటి గుబ్బలుంటే 'ఆగు, ముందు ప్రమాదం' అని అర్థం. మా మేస్త్రీ జీబ్రా అంచున గీతల పలకలు వేశాడు. చూపున్న మాకెవరికీ తేడా పట్టలేదు. ఆయన పాదానికి పట్టింది. "రోడ్డు మీదకి పొమ్మంటోంది సార్ ఇది" అన్నారు. మధ్యాహ్నానికి పీకించి గుబ్బలు వేయించాం.

పదో వారం: వాన

పక్క వీధి మొదట్లో ఫుట్‌పాత్‌ను అదే ఎత్తులో కొనసాగించాం. అంటే నడిచేవాడు రోడ్డు దిగడు, బండే 10 సెంటీమీటర్లు ఎక్కి దిగాలి. నాకు చాలా ఇష్టమైన ఏర్పాటు ఇది. వాన వచ్చి నిన్న రాత్రి దాని లోపం బయటపెట్టింది. గట్టు పక్కనుంచి పారే నీళ్లకు ఆ ఎత్తు ఆనకట్టలా అడ్డం పడింది. పొద్దునకు చీలమండలోతు మడుగు. జనం ఫుట్‌పాత్ వదిలేసి రోడ్డు మీద నడుస్తున్నారు. మొదటి రోజు స్తంభం దగ్గర ఏం చేశారో అదే.

లెవెల్ తీసుకున్నప్పుడు ఎత్తు కట్టాక నీళ్ల దారి ఏమవుతుందో మేం మళ్లీ లెక్క వెయ్యలేదు. ఎత్తుకు పై వైపున కొత్త జాలీ తూము పెట్టిస్తున్నాం. జాలీ చువ్వలు సైకిల్ పోయే దిక్కుకు అడ్డంగా ఉండాలని మేస్త్రీకి చాక్‌పీసుతో బాణం గీసి చూపించాను. నిలువుగా ఉంటే సన్నటి టైరు సందులో ఇరుక్కుని మనిషి ఎగిరిపడతాడు.

సైకిళ్ల కోసం ఇంత పట్టుదల ఎందుకని ఒక కుర్ర ఇంజనీరు అడిగాడు. నెదర్లాండ్స్ సంగతి చెప్పాను. అక్కడి ట్రాక్‌లు పుట్టుకతో వచ్చినవి కావు. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్ల మీద దాదాపు 3,300 మంది పోయారు, వాళ్లలో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు 'పిల్లల హత్య ఆపండి' అని రోడ్ల మీద కూర్చున్నారు. వాళ్లు అలా అడిగాకే వీధులు మారాయి.

పన్నెండో వారం

సిగ్నల్ సెట్టింగు. నడిచేవాళ్లకు పచ్చబొమ్మ ముందు వెలుగుతుంది, బళ్లకు పచ్చ లైటు 5 సెకన్ల తర్వాత. ఆ 5 సెకన్లలో మామూలు మనిషి 6 మీటర్లు నడుస్తాడు, దాదాపు నడిమి గట్టు దాకా. బండి మలుపు తిరిగే సమయానికి అతను డ్రైవరు కళ్లెదుటే ఉంటాడు. ఖర్చు ఏమీ లేదు, కంట్రోలర్‌లో ఒక అంకె మార్చడమే.

పన్నెండో వారం, రాత్రి

దీపాల పరీక్ష. ముదురు రంగు చొక్కా వేసుకున్న కుర్ర ఇంజనీరును జీబ్రా మీద నిలబెట్టి, నేను కారులో నెమ్మదిగా వచ్చాను. దీపం సరిగ్గా క్రాసింగ్ పక్కనే ఉంది, వెలుగు దండిగా ఉంది. అయినా 40 మీటర్ల దూరం నుంచి నాకు జీబ్రా గీతలు కనపడ్డాయి, మనిషి కనపడలేదు. ఇంకా దగ్గరికి వచ్చాక నల్లటి నీడలా తేలాడు. వెలుగు అతని నెత్తిన, వీపున పడుతోంది, నా వైపున్న ఒంటి మీద పడటం లేదు.

దీపం క్రాసింగ్‌కు ఇవతల, బండి వచ్చే వైపున ఉండాలి. టెలిస్కోపిక్ స్టాండుకు ఒక దీపం కట్టి 3 మీటర్లు ఇటు జరిపి మళ్లీ వచ్చాను. ఈసారి దూరం నుంచే అతని మొహం, మోచేతులు, చేతిలో ఊపుతున్న నోట్‌బుక్ కనపడ్డాయి. అటువైపు నుంచి వచ్చే లేన్లకు కూడా ఇలాగే ఇంకో స్తంభం కావాలి, అది డ్రాయింగులో లేదు. రాత్రికి రాత్రే చేర్చి పంపించాను. రెండు స్తంభాలకూ పునాదులు రేపు తవ్వుతారు.